చీర ధరలో లెక్కకు రాని చేతులు

బట్టల వెనుక ఉన్న శ్రమ గురించి మాట వస్తే చర్చ వెంటనే ఢాకాకో తిరుప్పూరుకో వెళ్లిపోతుంది. 2013 ఏప్రిల్ 24న ఢాకా శివారులో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ఆ తరువాత ప్రపంచమంతా ఒక ప్రశ్న అడిగింది: మనం తొడుక్కునే చొక్కాను ఎవరు కుట్టారు, ఎంత కూలికి, ఎలాంటి కప్పు కింద కూర్చుని? అడగవలసిన ప్రశ్నే. అయితే దక్షిణ తెలంగాణలో ఉంటున్నవారు దాన్ని అంత దూరం పంపించనక్కరలేదు. పత్తి విత్తనం గద్వాల ప్రాంతంలో తయారవుతుంది. పత్తి పంట నల్లగొండ పొలాల్లో పండుతుంది. రాష్ట్రంలో పత్తి విస్తీర్ణం ఎక్కువగా ఉన్న జిల్లాల్లో అది ముందు వరుసలో ఉంటుంది. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేటల్లో మగ్గాలు ఆడుతున్నాయి. నల్లగొండ గడియారం సెంటర్ దుకాణాల్లోనూ మహబూబ్‌నగర్ బజారులోనూ చీర బేరమాడే మనిషికి, ఆ చీర వెనుక పని చేసిన మనిషికి మధ్య దూరం చాలాసార్లు ఒక బస్సు టికెట్టు.

ఇంత దగ్గరగా ఉన్నా ఆ శ్రమ కనిపించదు. ధర చీటీ మీద నూలు, రంగు, నేత, రవాణా, అద్దె, లాభం అన్నీ ఏదో ఒక రూపంలో చేరతాయి. కొన్ని చేతులు మాత్రం అసలే చేరవు. విత్తన పొలంలో పూలు గిల్లే పిల్ల, ఇంట్లో మగ్గానికి దారం సిద్ధం చేస్తూ ఆసు పోసే ఇల్లాలు, కండెలు చుట్టే ముసలమ్మ, వీరి పని జరగకపోతే బట్టే లేదు. అయినా వారి రోజుకు ధర కట్టినవారు లేరు. కొనేవారి నీతి గురించి మాట్లాడేటప్పుడు మిల్లు బట్ట చెడ్డది, చేనేత మంచిది అని రెండు ముక్కల్లో తేల్చేయడం సులువు. అలా తేల్చేస్తే అసలు ప్రశ్న పక్కకు పోతుంది. ఏ బట్టయినా సరే, అందులోని ఏ పనికి కూలి కట్టారు, ఏ పనికి కట్టలేదు అన్నదే అసలు ప్రశ్న.

విత్తనం దగ్గర మొదలు

కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో, అంటే ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో, వేల ఎకరాల్లో సీడు పత్తి, అంటే విత్తనం కోసమే పండించే పత్తి, సాగవుతుంది. దేశంలో రైతులు వేసే పత్తి దాదాపు అంతా హైబ్రిడ్, అంటే రెండు వేర్వేరు రకాలను కలిపి చేసినది. హైబ్రిడ్ విత్తనం దానంతట అది పుట్టదు, ప్రతి గింజ వెనుకా మనిషి వేళ్లు ఉంటాయి. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట ఎంచుకుని, పూరేకులను, పుప్పొడి ఇచ్చే కేసరాలను గోటితో గిల్లి తీసేయాలి. ఆ పువ్వుకు గుర్తు పెట్టాలి. మరునాడు పొద్దున్నే, ఎండ ముదరకముందే, మగ వరుసలోని పువ్వు తెంచి తెచ్చి దాని పుప్పొడిని ఈ పువ్వు కీలాగ్రానికి రాయాలి. దీన్నే ఆ ఊళ్లలో క్రాసింగ్ అంటారు. వానాకాలం నడిమి నుంచి వారాల తరబడి రోజూ ఇదే పని. ఒక్క రోజు మానితే ఆ రోజు పూసిన పువ్వులు తమంతట తామే పరాగసంపర్కం జరుపుకుంటాయి, వాటి కాయలు కల్తీ కిందికి వస్తాయి.

ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. బీటీ పత్తి విత్తన ప్యాకెట్టు బరువు 475 గ్రాములు. 2025–26లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ ధర 901 రూపాయలు. వంద పత్తి గింజలు సుమారు తొమ్మిది పది గ్రాములు తూగుతాయి కాబట్టి ప్యాకెట్టులో అయిదు వేల దాకా గింజలు ఉంటాయి. కాయకు పాతిక గింజలు వచ్చాయనుకున్నా, ఒక ప్యాకెట్టు వెనుక దాదాపు రెండు వందల పూలు ఉన్నాయి. ప్రతి పువ్వునూ సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి మనిషి పట్టుకోవాలి. ఎకరానికి రెండు ప్యాకెట్లు వేసే నల్లగొండ రైతు పొలంలో మొలిచిన ప్రతి మొక్కా అలా వచ్చిందే.

ఆ వేళ్లు ఎవరివి? 2000 దశకం మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని సీడు పత్తి పొలాలపై జరిగిన అధ్యయనాలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ పని చేసేవారిలో ఎక్కువ మంది పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు. తల్లిదండ్రులకు ముందే అప్పు ఇచ్చి, సీజను మొత్తానికి పిల్లను మాట్లాడుకునే పద్ధతి ఉండేది. 2009లో అమెరికా కార్మిక శాఖ బాలకార్మికులు, వెట్టి కార్మికులు తయారుచేస్తున్న సరుకుల జాబితా మొదటిసారి ప్రకటించినప్పుడు, అందులో భారత్ పేరు కింద హైబ్రిడ్ పత్తి విత్తనం ఉంది. 2015లో వెలువడిన మరో అధ్యయనం దేశవ్యాప్తంగా పత్తి విత్తన పొలాల్లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలే దాదాపు రెండు లక్షల మంది ఉన్నారని అంచనా వేసింది. ఈ మధ్య కాలంలో స్వచ్ఛంద సంస్థల పనివల్ల, బడుల ఒత్తిడివల్ల, కంపెనీల మీద విదేశాల్లో వచ్చిన విమర్శలవల్ల కూలికి వచ్చే చిన్నపిల్లలు తగ్గారు. పని మాత్రం చాలా చోట్ల సొంత ఇంటి పిల్లల మీదికి, పద్నాలుగు దాటిన పిల్లల మీదికి జరిగింది.

పిల్లల వేళ్లు సన్ననివి, మొక్క ఎత్తు వారికి సరిపోతుంది, అందుకే వారిని పెడతారని చెప్పే మాట ఒకటి చాలాకాలంగా తిరుగుతోంది. అది నమ్మదగ్గ కారణం కాదు. పెద్దవాళ్లు ఈ పనిని చక్కగా చేస్తారు, చేస్తూనే ఉన్నారు. పిల్లలకు తక్కువ ఇస్తే చాలు, ఎక్కువ గంటలు చేయించవచ్చు, ఎదురు చెప్పరు అన్నదే కారణం. ఈ తక్కువ కూలి కూడా పొలం యజమాని దురాశ నుంచి మాత్రమే పుట్టింది కాదు. కంపెనీకి, రైతుకు మధ్య ఆర్గనైజరు ఉంటాడు. పెట్టుబడికి అప్పు ఇచ్చేది, వడ్డీ కట్టించుకునేది, విత్తనం తీసుకెళ్లేది అతనే. చాలాసార్లు రైతు చేతిలో ఒప్పంద కాగితం ఉండదు. విత్తనం ఇచ్చాక జన్యు స్వచ్ఛత కోసం జీవోటీ పరీక్ష, అంటే విత్తనాన్ని నాటి మొలిచిన మొక్కలను చూసే పరీక్ష, జరుగుతుంది. అందులో ఫెయిలైందంటే సరుకుకు ధర రాదు, అప్పు మిగులుతుంది. పెద్దల కూలి పూర్తిగా కట్టి ఈ పంట పండిస్తే రైతుకు గిట్టని విధంగా సేకరణ ధర ఉందని ఆనాటి అధ్యయనాలే లెక్క కట్టి చూపించాయి. పైన కూర్చున్నవారు ధర తగ్గించినప్పుడు ఆ కోత ఒక్కో మెట్టూ దిగి చివరకు గద్వాల మండలంలో బడి మానిన పిల్ల మీద పడుతుంది.

ఇక్కడ చట్టం కూడా ఒక సందు వదిలింది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లలను అన్ని రకాల పనుల్లో పెట్టడాన్ని నిషేధించింది, మంచిదే. అదే సవరణ, బడి వేళల తరువాత, సెలవుల్లో, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తుల్లో పిల్లలు సాయం చేయవచ్చని మినహాయించింది. పువ్వు గిల్లే వేళ సాయంత్రం, పుప్పొడి రాసే వేళ పొద్దున. పొద్దున పని బడి గంట కొట్టకముందే ముగుస్తుందా లేదా అని పొలం గట్టు మీద నిలబడి చూసే అధికారి ఎక్కడ ఉంటాడు?

తెల్ల బంగారం, తక్కువ కూలి

పత్తి ఏరే పనికి వస్తే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 2025–26లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ పన్నెండు శాతం దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, రైతు ప్రైవేటు వ్యాపారి దగ్గరకు పోవాలి, అక్కడ ఆ ధర రాదు. ఆ సంగతి పక్కన పెట్టి, పూర్తి ధరే వచ్చిందనుకుందాం. క్వింటాలు పత్తి జిన్నింగు చేస్తే, అంటే గింజ వేరు చేస్తే, సుమారు ముప్పై నాలుగు కిలోల దూది వస్తుంది. గింజ విలువను కూడా దూది ఖాతాలోనే వేసినా కిలో దూదికి రెండు వందల నలభై రూపాయలకు మించదు. ఒక చొక్కాకు తరుగుతో కలిపి మూడు వందల గ్రాముల దూది పడుతుందనుకుంటే, చొక్కాలో రైతుకు చేరేది ఎంత ఎక్కువ వేసినా డెబ్బై రెండు రూపాయలు. అందులోనే విత్తనం, ఎరువు, మందు, కౌలు, కూలీలు.

పత్తి ఏరినందుకు కిలోకు పది పదిహేను రూపాయలు ఇస్తారు, కూలీలు దొరకని రోజుల్లో ఇంకొంచెం ఎక్కువ. ఆ చొక్కాకు కావలసిన కిలో దాకా పత్తిని వంగి ఏరిన మహిళకు దక్కేది పది పన్నెండు రూపాయలన్నమాట. చొక్కా ధర పన్నెండు వందలైనా, రెండు వేల అయిదు వందలైనా ఆమె వాటా మారదు. ఖరీదైన బట్ట కొంటే న్యాయం కొన్నట్టే అనే భ్రమ ఇక్కడ నిలవదు. బ్రాండుకు, మాలుకు, ప్రకటనకు కట్టిన అదనపు డబ్బు పొలం దిశగా ఒక్క అడుగు కూడా వేయదు.

పత్తి బేళ్లుగా ఇతర రాష్ట్రాల మిల్లులకు వెళ్లి నూలుగా, బట్టగా తిరిగి వస్తుంది. తమిళనాడు నూలు మిల్లుల్లో పెళ్లీడు పిల్లలను మూడేళ్ల ఒప్పందం మీద చేర్చుకుని, హాస్టళ్లలో ఉంచి, చివర్లో పెళ్లి ఖర్చుకు ఏకమొత్తం ఇస్తామని చెప్పే ‘సుమంగళి’ పద్ధతి ఎంత కాలం సాగిందో, ఎన్ని ఫిర్యాదులకు దారితీసిందో అందరికీ తెలిసిందే. ఆ విషయం వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది.

మగ్గం చుట్టూ ఉన్న ఇల్లు

పోచంపల్లి పేరు చెప్పగానే 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చిన సంగతి గుర్తుకు వస్తుంది. తరువాత ఆ ఊరికి పేరు తెచ్చింది ఇక్కత్, అంటే దారానికే ముందు రంగులు అద్ది నేసే బట్ట. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఇవన్నీ గర్వించదగ్గవే. అయితే ఈ గౌరవాలన్నీ డిజైనుకు, ఊరికి దక్కినవి. పనికి దక్కిన ప్రతిఫలం ఎంత అన్నది వేరే ఖాతాలో చూడాలి.

ఇక్కత్ చీరలో నేత చివరి పని. దానికి ముందు జరిగేదే ఎక్కువ. నూలునో పట్టునో ముందు రాట్నం మీద చుట్టాలి. తరువాత ఆసు పోయాలి: ఒక చివర మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉన్న చట్రం మీద దారాన్ని చేత్తో పట్టుకుని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు లాగాలి. ఒక చీరకు చేయి దాదాపు తొమ్మిది వేల సార్లు ఆడాలని లెక్క. ఈ పని తరతరాలుగా ఆడవారిదే. ఆ తరువాత డిజైను గీతల ప్రకారం దారపు పాయలను రబ్బరు పట్టీలతో బిగించి చిటికి కట్టాలి, రంగులో ముంచాలి, విప్పాలి, మళ్లీ కట్టాలి, మళ్లీ ముంచాలి. ఎన్ని రంగులుంటే అన్ని సార్లు. పడుగు, అంటే నిలువు దారాలను, సాగదీయాలి, మగ్గం మీది దువ్వెన లాంటి అచ్చుకు ఒక్కో పోగూ అతకాలి, పేక, అంటే అడ్డ దారాల కోసం కండెలు చుట్టాలి. అప్పుడు మగ్గం మీద కూర్చోవాలి. గుంట మగ్గంలో కాళ్లు నేల లోపల, నడుము ముందుకు వంచి, కళ్లు పోగుల మీద.

ఆసు పోసి పోసి భుజం పట్టేసిన తల్లిని చూసి ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం యంత్రం తయారు చేసిన సంగతి తెలుగువారికి తెలుసు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ కథను ఒక కొడుకు ప్రేమగా, ఒక గ్రామీణ ఆవిష్కరణగా చెప్పుకుంటాం. దానిలో ఇంకొక సంగతి ఉంది, దాని మీద ఆగి చూసినవారు తక్కువ. అన్ని వేల సార్లు చేయి ఆడించే పనికి విడిగా కూలి కట్టే అలవాటు ఉండి ఉంటే, ఆ ఖర్చు చూసి వ్యాపారులో సంఘాలో ఎప్పుడో యంత్రం కోసం వెతికేవారు. ఇంటి ఆడవారు ఉచితంగా చేసే పనిని సులువు చేయవలసిన అవసరం మార్కెట్టుకు కనిపించదు. నొప్పి చూసిన కొడుకు మాత్రమే పూనుకోవలసి వచ్చింది.

చాలా ఇళ్లలో కూలి చీరకో పడుగుకో మాట్లాడతారు. మాస్టర్ వీవర్ నూలు, రంగు, డిజైను ఇస్తాడు, నేసి తెచ్చినందుకు ఇంత అని ఇస్తాడు. ఆ మొత్తం మగ్గం మీద కూర్చున్న మగవాడి చేతికి అతని పేరున వస్తుంది. ఒక ఊహ లెక్క వేద్దాం. ఒక పడుగు మీద ఏడు చీరలకు కలిపి కుటుంబానికి ఇరవై వేల రూపాయల కూలి వచ్చింది. మొదటి నుంచి చివరి దాకా నలభై అయిదు రోజులు పట్టింది. పని చేసింది ఒక్కరే అని రాసుకుంటే రోజుకు 444 రూపాయలు, ఫరవాలేదనిపిస్తుంది. భార్య పనిని కూడా పనిగా రాసుకుంటే తొంభై పనిదినాలు, రోజుకు 222 రూపాయలు. తల్లి కండెలు చుట్టిన పూటలు కూడా కలిపితే ఇంకా దిగుతుంది. 2025–26లో ఉపాధి హామీ కింద తెలంగాణలో మట్టి పనికి నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. చిన్నప్పటి నుంచి నేర్చుకుంటే తప్ప రాని విద్యకు మట్టి పని కూలి కూడా గిట్టుబాటు కాకపోవడం వెనుక ఉన్న కిటుకు ఇదే: ముగ్గురి పనిని ఒక్కరి పనిగా రాయడం.

ఇది ఒక్క ప్రాంతం సమస్య కాదనడానికి జాతీయ గణాంకాలు ఉన్నాయి. 2019–20 నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ కార్మికులు 35 లక్షల మంది. వారిలో పదింట ఏడు పాళ్లకు పైగా మహిళలు. చేనేత కుటుంబాల్లో మూడింట రెండు వంతులకు నెల ఆదాయం అయిదు వేల లోపే. నెలకు అయిదు వేలంటే ఇంటి మొత్తానికి, మనిషికి కాదు.

అప్పు దీనికి తోడు. మాస్టర్ వీవర్ దగ్గర ముందు తీసుకున్న బయానా తీరేదాకా ఇంకొకరి దగ్గర నేయడానికి వీలుండదు, కూలి పెంచమని గట్టిగా అడగడానికి నోరు రాదు. మాస్టర్ వీవర్లందరూ దోచుకునేవారని అనడం అన్యాయం. పట్టు ధర పెరిగితే, సరుకు అమ్ముడుపోకపోతే, నగరపు దుకాణం ఆరు నెలలకు డబ్బు ఇస్తే నష్టం మోసేది వారే, వారిలో చాలామంది నిన్నటి నేతన్నలే. ఆ నష్టంలో భాగం కిందికి కూలి రూపంలో దిగుతుంది, లాభం వచ్చిన ఏడాది మాత్రం అంత తేలిగ్గా దిగదు. సీడు పత్తిలో ఆర్గనైజరు ఉన్న చోటే ఇక్కడ మాస్టర్ వీవర్ ఉన్నాడు. రెండు చోట్లా కాగితం లేదు, రెండు చోట్లా ముందస్తు అప్పు ఉంది, రెండు చోట్లా అట్టడుగున ఇంటి ఆడవారూ పిల్లలూ ఉన్నారు.

గద్వాల చీరలో నూలు ఒడలికి పట్టు అంచు కలిపే చోట పేక పోగులను ఒకదానిలో ఒకటి మెలివేసి నేస్తారు, దానికి మగ్గం దగ్గర రెండో మనిషి కావాలి. ఆ రెండో మనిషి ఎవరన్నది చెప్పనక్కరలేదు. నారాయణపేటలో ఒక పడుగు మీద ఎనిమిది చీరలు నేసే పద్ధతి వల్ల ధర కొంత అందుబాటులో ఉంటుంది, కూలి కూడా ఆ మేరకే.

అచ్చుబట్ట పోటీ

నేతగాడి కూలిని అన్నిటికంటే ఎక్కువగా కిందికి లాగుతున్నది నకలు సరుకు. ఇక్కత్ డిజైనును ఫొటో తీసి, మరమగ్గం పాలిస్టరు మీద అచ్చు వేసి, అయిదారు వందలకు పోచంపల్లి చీర పేరుతో అమ్ముతున్నారు. చేనేతకు కొన్ని రకాలను కేటాయించే చట్టం 1985లో వచ్చింది. మొదట ఇరవై రెండు రకాలకు రక్షణ ఉండేది, తరువాత పదకొండుకు తగ్గించారు. భౌగోళిక గుర్తింపు కాగితం మీద బలమైనదే. ఊరూరా దుకాణాలు తనిఖీ చేసి కేసులు పెట్టే యంత్రాంగం మాత్రం అంత బలంగా లేదు.

కొనేవారు కొంతవరకు స్వయంగా గుర్తించవచ్చు. అసలు ఇక్కత్‌లో దారానికే రంగు పట్టి ఉంటుంది కాబట్టి బొమ్మ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, దాని అంచులు ఈక కొసల్లా కొంచెం చెదిరి ఉంటాయి. అచ్చు వేసినదానిలో వెనుక వైపు వెలిసిపోయి, గీతలు కత్తితో కోసినట్టు ఉంటాయి. మగ్గం మీద నేసిన బట్ట అంచుల వెంట సన్నని సూది రంధ్రాలు కనిపిస్తాయి. ఒక పోగు తీసి వెలిగిస్తే నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, పాలిస్టరు కరిగి ముద్ద కడుతుంది. చేనేతకు 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది, పట్టుకు సిల్క్ మార్క్ ఉంది. ఇవన్నీ బట్ట అసలుదో కాదో చెబుతాయి. నేసిన ఇంటికి ఎంత చేరిందో చెప్పే గుర్తు మాత్రం ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఎవరి బాధ్యత

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనది. రోజంతా పత్తి ఏరి మూడు నాలుగు వందలు సంపాదించే మహిళ బతుకమ్మకు మూడు వందల పాలిస్టరు చీర కొనుక్కుంటే ఆమెను నీతి పేరుతో నిలదీయడం క్రూరం. ఆమె తన శక్తికి తగినది కొంటోంది. తాను ఏరిన పత్తితో నేసిన చీర తనే కొనలేని స్థితిలో ఆమె ఉండడమే ఈ వ్యవస్థ మీద వేయదగిన పెద్ద ఫిర్యాదు. కొనుగోలుదారుల నీతి అన్న మాట వర్తించేది ఎంచుకునే వీలున్నవారికి.

ఆ వీలు ఎక్కడ ఉందో వెతికితే ముందుగా కనిపించేది పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, ఒడిబియ్యాలు. బట్టలు పెట్టడం మన దగ్గర మర్యాద. ఆ మర్యాద కోసం గుత్తగా వంద, రెండు వందల చౌక చీరలు తెస్తారు. పెట్టుబడి చీరలు అని వాటికి వేరే బీరువా ఉంటుంది. తీసుకున్నవారు కట్టరు, మడత విప్పకుండా ఇంకో పెళ్లిలో ఇంకొకరికి పెడతారు. ఎవరూ కట్టని ఆ బట్ట మీద ప్రతి కుటుంబం ఖర్చు పెడుతున్న మొత్తం చిన్నది కాదు. అదే మొత్తంతో దగ్గరివారు పదిమందికి నారాయణపేట నూలు చీరో, పుట్టపాక తువ్వాలో పెడితే తీసుకున్నవారు వాడతారు. వాడకపోయినా కనీసం ఒక మగ్గానికి పని దొరికినట్టు. మిగతావారికి ఏమీ పెట్టకపోతే మర్యాద పోతుందన్న భయమే అడ్డు. ఊరి పెద్దలు, మహిళా సంఘాలు పూనుకుంటే ఆ భయం పోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

బేరం గురించి కూడా చెప్పుకోవాలి. మాలులో ధర చీటీ చూసి మారు మాట్లాడకుండా కార్డు గీకేవారే, పోచంపల్లి వీధిలో మగ్గం ఉన్న ఇంటి అరుగు మీద కూర్చుని వెయ్యి రూపాయలు తగ్గించమంటారు. మాలు ధరలో తగ్గగలిగిన భాగం చాలా ఉంది, అది లాభం, అద్దె, ప్రకటన. నేసిన ఇంట్లో తగ్గేది కూలి ఒక్కటే, ఎందుకంటే నూలు, పట్టు ధరలు ఆ ఇంటి చేతిలో లేవు. అక్కడ వెయ్యి తగ్గిస్తే అది దాదాపుగా నాలుగయిదు రోజుల పని.

వ్యక్తుల కొనుగోళ్లతోనే ఇది తీరుతుందని చెప్పడం మోసం అవుతుంది. తెలంగాణలో చేనేత కార్మికులకు 2017లో మొదలైన పొదుపు పథకంలో కార్మికుడు కూలిలో ఎనిమిది శాతం వేస్తే రాష్ట్రం పదహారు శాతం కలపాలన్నది నిబంధన. అందులో ఆసు పోసేవారు, చిటికి కట్టేవారు, రంగు అద్దేవారు కూడా అనుబంధ కార్మికులుగా చేరవచ్చు. వారి పనికి పేరు పెట్టి, ఖాతా తెరిచిన అరుదైన సందర్భం అది. పథకాల డబ్బు సమయానికి పడుతుందా అన్నది ఎప్పటికప్పుడు నేతన్నలు అడుగుతున్న ప్రశ్న. అయినా ఆ ఖాతా ఉండడం వల్ల ఆసు పోసే మహిళ ఒక కార్మికురాలు అన్న మాట రికార్డుల్లోకి ఎక్కింది.

దీనికి పోల్చదగ్గ ఉదాహరణ బడి పిల్లల యూనిఫాంలది. తెలంగాణలో ప్రభుత్వ బడుల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇస్తున్నారు. జతకు 50 రూపాయలు ఇచ్చేవారు, 2024లో దాన్ని 75 చేశారు. డెబ్బై అయిదు సరిపోతుందా అని వాదించవచ్చు, వాదించాలి. వాదించడానికి వీలు ఎందుకు కలిగిందంటే ఆ అంకె బహిరంగంగా ఉంది కాబట్టి. జతకు ఎంత అన్నది కుట్టే ప్రతి మహిళకూ తెలుసు, పత్రికలకు తెలుసు, శాసనసభలో అడిగేవారికి తెలుసు. పోచంపల్లిలో ఆసు పోస్తున్న మహిళకు చీరకు ఎంత అన్న అంకె ఆమెకే తెలియదు, ఎందుకంటే అలాంటి అంకె లేదు. లేని అంకెను పెంచమని అడగడం ఎవరికీ సాధ్యం కాదు. గద్వాల పొలంలో సాయంత్రం పూలు గిల్లే సొంత ఇంటి పిల్లదీ అదే పరిస్థితి.

అందుకే కొనేవారు అడగవలసిన ప్రశ్న ఇది చేనేతేనా అన్న దగ్గర ఆగకూడదు. రకాన్ని బట్టి నేత కూలి ఎంతో సహకార సంఘాలు ముందే నిర్ణయించుకుంటాయి. ఆ పట్టిక చూపించమని అడగడానికి కొనేవారికి హక్కు ఉంది, చూపించడానికి సంఘానికి సిగ్గుపడవలసిన అవసరం లేదు. ఆ పట్టికలో నేత ఒక్కటే కాక ఆసుకు ఇంత, చిటికికి ఇంత, అచ్చు అతకడానికి ఇంత, కండెలకు ఇంత అని విడివిడి వరుసలు ఉండాలి, ఆ డబ్బు ఆ పని చేసిన మనిషి ఖాతాలోనే పడాలి. ప్రభుత్వ చేనేత దుకాణాలు, ఏటా దుప్పట్లు తువ్వాళ్లు గుత్తగా కొనే ఆసుపత్రులు, హాస్టళ్లు ముందుగా ఈ షరతు పెట్టవచ్చు, ఎందుకంటే అవి ఒక చీర కాదు, వేల సంఖ్యలో కొంటాయి. విత్తన కంపెనీల విషయంలో ఇదే షరతు ఒప్పంద కాగితం రూపంలో రావాలి: రైతుకు చెల్లించే ధర, పెద్దల కూలి కట్టగలిగే స్థాయిలో, ఆర్గనైజరు నోటి మాటగా కాక కంపెనీ ముద్రతో. ఆ కాగితం నకలు గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద ఉంటే బడి పంతులు కూడా చదువుకోవచ్చు.